చంటిబిడ్డకు నూనె రాసి ఒళ్ళు పట్టడం ఎలా

మా పెద్దాడికి ఇరవై రెండో రోజు నుంచి నీళ్ళు పోయడానికి ఒకావిడ వచ్చేది. మా వీధిలో పిల్లలందరికీ ఆవిడే పోసిందని అమ్మకు గొప్ప నమ్మకం. చేతిలో ఒడుపు ఉన్నమాట నిజం. నూనెతో జారిపోయే బిడ్డను ఒంటిచేత్తో బోర్లా తిప్పేది. నాలుగో రోజు వాడి చనుమొనల దగ్గర చిన్న ఉబ్బు చూసి, "పాలు చేరాయమ్మా, పిండెయ్యాలి" అని రెండు వేళ్ళతో నొక్కింది. వాడు ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. బాలింతని, మంచం మీంచి చూస్తూనే ఉన్నాను, నోరు పెగల్లేదు. వారం తిరిగేలోపు ఎడమవైపు ఎర్రగా, వేడిగా గడ్డ కట్టింది. మందు వాడాల్సి వచ్చింది. అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చే వాపేననీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ కూడా వస్తుందనీ, ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుందనీ డాక్టరమ్మ చెప్పాక, ఇంటికొచ్చి ఆవిడకు లెక్క కట్టి పంపించేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అలా నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. రెండోదానికి మొదటినుంచీ నా చేతులే, ఆదివారాలు మాత్రం వాళ్ళ నాన్న చేతులు. ఇద్దరి మీదా నాకు అర్థమైంది ఇదీ: నూనె, కాళ్ళ మీద పడుకోబెట్టుకోవడం, కబుర్లు, గోరువెచ్చని నీళ్ళు, మన పద్ధతిలో ఇవన్నీ ఉంచుకోదగ్గవే. చెరుపు చేసేవి ఓ ఆరేడు పనులు. వాటిని పక్కన పెడితే మిగిలింది ఎవరైనా నేర్చుకోగలిగిన పనే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పుట్టిన వెంటనే స్నానం అక్కర్లేదు. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బొడ్డు ఊడేదాకా, అంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు, పొట్ట జోలికి వెళ్ళొద్దు, బొడ్డు మీద నూనె చుక్క కూడా పడనివ్వొద్దు. అది పొడిగా ఉంటేనే త్వరగా ఎండి రాలుతుంది. ఈలోగా కాళ్ళు, పాదాలు, వీపు మీద ఊరికే అరచేయి ఆనించి ఉంచండి. అదే మొదటి పాఠం, బిడ్డకీ మీకూ.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, బరువు బాగా తక్కువున్నా, పిల్లల డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. అలాంటి పిల్లలకు మర్దన పనికిరాదని కాదు. 1986లో అమెరికాలోని మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండని పిల్లలకు ఆసుపత్రిలోనే రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజులపాటు ఒళ్ళు నిమిరి చూస్తే, నిమరని పిల్లలకన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. కానీ అది ఆసుపత్రిలో, నేర్చినవాళ్ళ చేతుల్లో జరిగింది. ఇంట్లో అలాంటి బిడ్డకు ముందు కావలసింది తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోవడం.

ఏ నూనె

మా ఇంట్లో పెద్ద యుద్ధం దీని మీదే. అమ్మది కోనసీమ, కొబ్బరి నూనె తప్ప ఇంకోటి ఎరగదు. అత్తయ్యది జగిత్యాల, గానుగ నువ్వుల నూనె సీసా చీరల మధ్య చుట్టుకుని తెచ్చింది. ఇద్దరిదీ ఒప్పే. ఎండాకాలం పల్చటి కొబ్బరి నూనె, చలికాలం నువ్వుల నూనె అని రాజీ కుదిర్చాను. 2000లో అచ్చయిన ఢిల్లీ పరిశోధన ఒకదానిలో ఆరు వారాల పిల్లలకు నాలుగు వారాలు రకరకాల నూనెలతో మర్దన చేసి చూస్తే, నువ్వుల నూనె రాసిన పిల్లల్లో ఎదుగుదల బాగుందని తేలింది. ఆ మాట చెప్పినప్పటి నుంచీ అత్తయ్య దగ్గర నా పరపతి పెరిగింది.

పొద్దుతిరుగుడు నూనె కూడా చర్మానికి మంచిదే. ఆలివ్ నూనె ఖరీదు చూసి మోసపోకండి, పసిచర్మం పైపొరను అది బలహీనం చేస్తుంది. ఉత్తరాదిలో ఉండే తెలుగువాళ్ళు ఇరుగుపొరుగును చూసి ఆవనూనె మొదలుపెడతారు, అదీ అంతే, పైగా మంట పుట్టిస్తుంది. వేరుశనగ నూనె అసలు వద్దు, చర్మం పగుళ్ళున్న పిల్లలకు తర్వాత పల్లీ పడకపోయే ప్రమాదం ఉంది. ఆముదం చెడ్డది కాదుగానీ జిగురు, మన ఎండల్లో చెమటకాయలు తెచ్చిపెడుతుంది. ఘాటైన వాసన వేసేదేదైనా పక్కన పెట్టేయండి.

కొత్త నూనె ఏదైనా ముందురోజు బిడ్డ మోచేతి మడత దగ్గర ఒక చుక్క రాసి మర్నాటిదాకా చూడండి. ఎర్రబడకపోతే సరే. నూనెను పొయ్యి మీద కాచొద్దు. చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచండి. ముందు మీ మణికట్టు లోపలివైపు రాసుకుని చూసుకోండి. వెచ్చగా తెలియాలి గానీ చురుక్కుమనకూడదు.

చోటు, సమయం, చేతులు

పాలు తాగిన వెంటనే చేస్తే కక్కేస్తుంది, బాగా ఆకలిగా ఉంటే ఏడుస్తుంది. పాలు తాగిన ముప్పావుగంటకు, మెలకువగా, కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఉన్న సమయం చూసుకోండి. మా దానికి ఉదయం తొమ్మిదిన్నర. ఫ్యాను, ఏసీ కట్టేసి కిటికీ గాలి నేరుగా తగలకుండా చూడండి.

నేల మీదే కూర్చోండి. నూనె రాసిన పిల్ల తడిచేపలా జారిపోతుంది, మంచం మీద, బల్ల మీద వద్దు. గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, కాళ్ళ మీద పాత మెత్తటి కాటన్ చీర మడత పరవండి. బిడ్డ తల మీ పాదాల వైపు, కాళ్ళు మీ పొట్ట వైపు. మీ రెండు కాళ్ళ మధ్య పల్లం దానికి ఊయల, పైగా మీ ముఖం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. ఆపరేషన్ అయినవాళ్ళు కింద కూర్చుని లేవడం కష్టమైతే కొన్నాళ్ళు భర్తకో అమ్మకో అప్పజెప్పండి. కింద బొంత పరిచి బిడ్డను దాని మీదే పడుకోబెట్టి చేసినా తేడా ఏమీ రాదు.

ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. గోళ్ళు కత్తిరించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. పొడిగుడ్డ, లంగోటి, బట్టలు అన్నీ చేతికందే దూరంలో పెట్టుకోండి. మధ్యలో ఫోను మోగితే మోగనివ్వండి. బిడ్డను వదిలి లేవొద్దు.

ఎంత గట్టిగా రుద్దాలి? బాగా పండిన సపోటాను తొక్క చిట్లకుండా పట్టుకున్నట్టు. మరీ తేలికైతే చక్కిలిగింత పుట్టి కాళ్ళు ముడుచుకుంటుంది. అరచేయంతా ఆనించి, నెమ్మదిగా, తెంపు లేకుండా కదలాలి. వేలికొనలతో గీరొద్దు.

ఇక మొదలు

ముందు అడగండి. అరచేతుల్లో నూనె వేసుకుని బిడ్డకు కనిపించేలా రుద్దుకోండి. "ఒళ్ళు పట్టనా బంగారూ?" అని అడిగి, చేతులు తొడల మీద ఆనించి ఓ నిమిషం ఆగండి. నెల పిల్లకు ఏం తెలుస్తుందని మా తమ్ముడు నవ్వాడు. రెండు వారాలయ్యేసరికి చేతులు రుద్దిన చప్పుడుకే మా పిల్ల కాళ్ళు చాపేది. మీ ముఖం వైపు చూస్తూ ఒళ్ళు వదులుగా ఉంటే సరే అన్నట్టు. తల పక్కకు తిప్పేసుకోవడం, వేళ్ళు విచ్చుకుని చేయి అడ్డం పెట్టడం, వీపు విల్లులా వంచడం, ఎక్కిళ్ళు రావడం, ఇవన్నీ "ఇప్పుడొద్దు" అనడమే. అప్పుడు చేతులు తీసి ఎత్తుకోండి. "ఏడిస్తేనే ఊపిరితిత్తులు గట్టిపడతాయి" అని ఎవరన్నా నమ్మకండి.

కాళ్ళు. లంగోటి మార్చినప్పుడల్లా మన చేయి తగిలే చోటే కాబట్టి ఇక్కడ బిడ్డకు కొత్త ఉండదు. ఒక చేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో తొడ నుంచి పాదం దాకా పాలు పితికినట్టు మెల్లగా లాగుతూ రండి. ఆ కదలిక అలాంటిదే, బలం మాత్రం అందులో పదో వంతు. మూడు నాలుగుసార్లు. పిక్క దగ్గర కొంచెం ఆగండి. అరికాలి మీద బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ వైపు పాముతూ వెళ్ళి, ఒక్కో వేలినీ తిప్పండి. లెక్కపెడుతూ చేస్తే మాకు పదో వేలి దగ్గర ఓ నవ్వు గ్యారంటీ.

కాళ్ళు తిన్నగా రావాలని రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని సాగదీయొద్దు. పుట్టిన పిల్లల కాళ్ళు కప్పలా ముడుచుకుని, కాస్త వంకరగా ఉండటమే సహజం. కడుపులో అలాగే ఒదిగి ఉన్నాయి మరి. అవి వాటంతటవే సాగుతాయి. బలవంతంగా లాగితే తుంటి కీలుకు దెబ్బ.

పొట్ట. బొడ్డు ఊడి, పూర్తిగా ఆరాకే. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పెద్దపేగు బిడ్డ కుడివైపు కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా వెళ్ళి, ఎడమవైపు కిందికి దిగుతుంది. గాలి, మలం కదిలేది ఆ దారిలోనే, మన చేయీ ఆ దారినే పోవాలి. ఎదురుగా కూర్చున్న మీకు బిడ్డ కుడి మీ ఎడమ అవుతుంది. ఈ కుడి ఎడమల గందరగోళం లేకుండా నేను పెట్టుకున్న గుర్తు: తలకట్టు లేని 'గ' రాయడం. మీ ఎడమవైపు కింద మొదలుపెట్టి పైకి, పక్కటెముకల కింద అడ్డంగా, మీ కుడివైపు కిందికి. పలక మీద గ దిద్దినట్టే దాని బొజ్జ మీద దిద్దండి, అయిదారుసార్లు. పక్కటెముకలకు కిందే ఉండాలి, ఉచ్చ సంచి ఉండే పొత్తికడుపు మీద నొక్కొద్దు.

తర్వాత రెండు మోకాళ్ళూ మడిచి పొట్ట మీదకు మెల్లగా తెచ్చి, ఐదు లెక్కపెట్టి వదలండి. సాయంత్రాలు కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడ్చే రోజుల్లో ఇది చేస్తే గాలి పోయేది. పోయినప్పుడు ఆ ముఖంలో కనిపించే తెరిపి చూసి తీరాల్సిందే.

ఛాతీ, చేతులు. రెండు అరచేతులూ గుండె మధ్యన ఆనించి, పుస్తకం తెరిచినట్టు పక్కలకు జరపండి. చనుమొనల చుట్టూ ఉబ్బుంటే అటు పోవద్దు. చేతులు చాలామంది పిల్లలు ఇవ్వరు, గుండెలకు హత్తుకుంటారు. లాగకండి. మోచేతి దగ్గర కాస్త కదిపితే వాళ్ళే వదులుతారు. భుజం నుంచి మణికట్టు దాకా కాళ్ళకు చేసినట్టే. గుప్పిట విప్పి చూస్తే దూది పోగులు, వెంట్రుకలు దొరుకుతాయి, తుడిచేయండి. చివర్లో అరచేతుల నూనె కూడా తుడవండి, మరుక్షణం అవి నోట్లోకి, కళ్ళలోకి వెళతాయి.

ముఖం. నూనె లేని చేత్తో. నుదుటి మధ్య నుంచి కణతలకు, ముక్కు పక్కల నుంచి బుగ్గలకు బొటనవేళ్ళతో రెండుసార్లు నిమిరితే చాలు.

వీపు. బిడ్డను మీ ఒళ్ళో అడ్డంగా బోర్లా వేసుకోండి, ముఖం పక్కకు తిరిగి, ముక్కుకు ఏదీ అడ్డం లేకుండా. మెడ నుంచి పిరుదుల దాకా వెన్నెముకకు రెండు పక్కలా రాయండి, ఎముక మీద నొక్కొద్దు. ఇలా బోర్లా పడుకున్న కాసేపూ తల ఎత్తడానికి చేసే ప్రయత్నమే మెడకు అసలైన కసరత్తు.

అంతా కలిపి పది, పదిహేను నిమిషాలు. మొదటి వారం కాళ్ళతోనే ఆపేసినా నష్టం లేదు.

ఇవి మాత్రం వద్దు

తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కు కోటేరులా రావాలని లాగడం. ఒత్తితే ఎముక ఆకారం మారదు. కాన్పులో సాగిన తల కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఒకేవైపు పడుకుని చప్పిడైతే, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయడం, వెల్లకిలా పడుకోబెట్టేటప్పుడు తల దిక్కు మారుస్తూ ఉండటం మందు. ఆవాల దిండు కూడా వద్దు, ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ వద్దు. నడినెత్తి మీద మాడు మెత్తగా ఉంటుంది కదా, అక్కడ ఆముదం పెట్టి అద్దే అలవాటు ఉంది. నూనె పెట్టినందువల్ల అది మూసుకోదు. ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నర మధ్య తనంతట మూసుకుంటుంది. తలకు నూనె రాస్తే పైపైన రాయండి.

ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు. ఇది మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ముక్కులో, చెవిలో నోటితో ఊదడమూ వద్దు. మగపిల్లల అంగం కొన మీది చర్మం వెనక్కి లాగొద్దు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం, పైకెగరేయడం చెప్పక్కర్లేదు.

నలుగు సంగతి. పసిచర్మానికి శనగపిండి రాపిడి ఎక్కువ. పుట్టినప్పుడు వీపు మీద, భుజాల మీద ఉండే నూగు కొద్దివారాల్లో దానంతటదే రాలిపోతుంది, పిండి ముద్దతో దొర్లించి పీకాల్సిన పని లేదు. పసుపు విషయంలో నాది ఇంకో అభ్యంతరం: మొదటి వారాల్లో కామెర్లు వస్తే ఒంటి రంగు చూసే కనిపెడతాం. ఒళ్ళంతా పసుపు పూస్తే ఏది పసుపో ఏది కామెర్లో ఎలా తెలుస్తుంది?

టీకా వేయించిన రోజూ మర్నాడూ ఆగండి. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలకు తొడలో సూది పడుతుంది, వాపు తగ్గేదాకా అక్కడ రుద్దొద్దు. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ దగ్గర కొన్ని వారాల తర్వాత చీము పొక్కు వస్తుంది. అది రావాల్సిందే. దాన్ని నొక్కొద్దు, నూనె రాయొద్దు. జ్వరం ఉన్నా, చర్మం చిట్లి రసి కారుతున్నా మర్దన ఆపండి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటితే ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముట్టుకుంటే చాలు ఏడ్చే కాలో, ఎత్తలేకపోతున్న చేయో కనిపించినా అంతే.

నీళ్ళు

నూనె రాశాక పావుగంట ఆగి పోయండి. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు. మోచేయి ముంచి చూడండి, వేడి అనీ చలువ అనీ తెలియకపోతే అదే సరైన పాకం. అరచేతిని నమ్మొద్దు, వంటింట్లో ఆరితేరిన చేతులకు వేడి తెలియదు. మా అత్తయ్య చేతికి గోరువెచ్చనైంది నాకు చుర్రుమనేది. చెంబెత్తి ధారగా తల మీద గుమ్మరించకుండా, చేయి అడ్డం పెట్టి కొద్దికొద్దిగా. మెడ మడతలు, చంకలు, గజ్జల్లో నూనె నిలిచిపోతుంది, అక్కడ బాగా కడిగి, అద్ది ఆరబెట్టండి. పౌడరు అక్కర్లేదు. సాంబ్రాణి పొగ ఇల్లంతా ఎంత బాగున్నా పసి ఊపిరితిత్తులకు పడదు. అమ్మకు ఇది మానడం కష్టమైంది, చివరికి దేవుడి గదికి పరిమితం చేసుకుంది.

ఇంతకీ పెద్దవాళ్ళతో ఎలా నెగ్గుకురావాలి? నా అనుభవంలో, అన్నీ కాదనకూడదు. బిడ్డ చుట్టూ నీళ్ళు తిప్పి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనడం పూర్తిగా అమ్మకు వదిలేశాను. వద్దన్న పనులు మాత్రం నా మాటగా కాకుండా డాక్టరు మాటగా చెప్పాను, టీకాకు వెళ్ళినప్పుడు అమ్మను వెంట తీసుకెళ్ళి డాక్టరమ్మ నోటితోనే చెప్పించాను. మనిషిని పెట్టుకున్నా ఫరవాలేదు, మొదటిరోజే "లాగడం, పిండడం, ఊదడం, తలకిందులు చేయడం వద్దమ్మా" అని మర్యాదగా చెప్పి, చేసినంతసేపూ పక్కన కూర్చోండి. నేను మంచం మీంచి చూస్తూ ఊరుకున్నట్టు ఊరుకోకండి.

నాలుగైదు నెలలకు బిడ్డ బోర్లా పడుతుంది, మీరు బొబ్బట్లు పంచుతారు, ఆ మర్నాటి నుంచి మర్దన మొదలెట్టిన అరనిమిషానికే తిరగబడి నూనె గిన్నె వైపు పాకడానికి చూస్తుంది. అప్పుడు క్రమం తిరగేయండి: బోర్లా పడ్డప్పుడు ముందు వీపు, చేతికి ఏదైనా బొమ్మ ఇచ్చి కాళ్ళు, అంతే, అయిదు నిమిషాల్లో ముగించండి. నూనె గిన్నె మాత్రం మీ వెనకాల పెట్టుకోండి.